పాత సరకు బండికి బీమా: ఖర్చు ఎచట తగ్గును, ఎచట తగ్గదు

ఒకప్పుడు పంట ఇల్లు చేరవలెనన్నను, సంతకు పోవలెనన్నను ఎడ్లబండియే దిక్కు. నేడు ఏ గ్రామమునకు పోయినను రచ్చబండ ప్రక్కన ఒకటో రెండో టాటా ఏస్ బండ్లు, బొలెరో పికప్పులు నిలిచి కనబడును. వీనిలో అనేకము పట్టణములో ఒకరిద్దరి చేతులు మారి, పదియేండ్లు దాటిన పిమ్మట పల్లెకు వచ్చినవే. కొన్నవాడు రెండెకరముల రైతు కావచ్చును, పనిలేని యువకుడు కావచ్చును. ధాన్యము, మిర్చి, సిమెంటు, పశువుల దాణా, ఏది దొరికిన దాని కిరాయికి తోలి ఇల్లు గడుపుకొనుచుండును. అట్టివాని నోట ఏడాదికొకసారి తప్పక వినబడు మాట యొకటి కలదు: "బండి అమ్మిన రెండు లక్షలు రావు. ఇన్సూరెన్సుకు మాత్రము వేలకు వేలు పోయవలెను. ఎక్కడైన చవుకగా దొరకదా?"

ఈ ప్రశ్నకు సరియైన సమాధానము పంచాయతీ సభ్యులు తెలిసికొనియుండుట మంచిదని మేము తలంచుచున్నాము. ఏలయనగా, ప్రమాదము జరిగిన దినమున దెబ్బ తగిలినవాని బంధువులును, బండి యజమానియు మొదట వచ్చునది సభ్యుని గుమ్మమునకే. అప్పటికి చేయగలిగినది స్వల్పము. చేయవలసినదంతయు పాలసీ తీసికొనునాడే చేయవలెను.

బండి బీమాలో రెండు వేరు వేరు భాగములున్నవి. ఒకటి థర్డ్ పార్టీ బీమా. మన బండి వలన ఇతరులకు మరణము గాని, గాయము గాని, ఆస్తినష్టము గాని కలిగినచో వారికి కంపెనీ చెల్లించునది ఇది. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 146వ సెక్షను ప్రకారము ఇది లేని బండిని రోడ్డు మీదికి తేరాదు. రెండవది మన బండికే కలుగు నష్టమునకు బీమా. దీనిని ఓన్ డ్యామేజి అందురు. రెండును కలిసినదానిని మనవారు "ఫుల్ ఇన్సూరెన్సు" అనుచుందురు. ఈ రెండవ భాగము తీసికొనుటయు, మానుటయు యజమాని ఇష్టము.

ఇక వెల సంగతి. థర్డ్ పార్టీ ప్రీమియమును కంపెనీలు నిర్ణయింపవు. బీమా నియంత్రణ సంస్థను సంప్రదించి కేంద్ర ప్రభుత్వమే నిర్ణయించును. 2022 జూన్ 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన పట్టికలో, కిరాయికి తిరుగు నాలుగు చక్రముల సరకు బండి మొత్తము బరువు 7,500 కిలోల లోపు ఉన్నచో ప్రీమియము 16,049 రూపాయలు. చిన్న ఏస్ బండియైనను, పెద్ద పికప్పైనను ఇదే లెక్క. బండి కొత్తదా, పాతదా అను విచారణయే ఇందులో లేదు. మూడు చక్రముల ట్రాలీ ఆటోలకు రేటు వేరు; అది చాల తక్కువ. ఈ సొమ్ముపై జి.ఎస్.టి. పూర్వము నూటికి 12 వంతున ఉండెడిది. 2025 సెప్టెంబరు 22 నుండి సరకు బండ్ల థర్డ్ పార్టీ బీమాపై దానిని 5కు తగ్గించిరి. 16,049 రూపాయలపై ఇది సుమారు 1,120 రూపాయల ఆదా. రసీదులో పన్ను ఏ రేటున వేసిరో చూచుకొనవలెను.

కావున సభ్యులు గ్రహింపవలసిన ముఖ్య విషయమిది. థర్డ్ పార్టీ భాగమును ఎవరైనను "మీకని సగమునకు ఇప్పింతును" అన్నచో అతడు బీమా అమ్ముటలేదు, కాగితము అమ్ముచున్నాడు. మోటారు సైకిలు పేర తక్కువ సొమ్ము కట్టి, ఆ పాలసీ కాగితముపై సరకు బండి నంబరు అచ్చు వేసి ఇచ్చిన మోసములు పోలీసు కేసులలో బయటపడినవి. కాగితము చూచుటకు అసలు దానివలెనే ఉండును. ప్రమాదము జరిగి కంపెనీకి వ్రాసినప్పుడు గాని గుట్టు తెలియదు. పాలసీపై అచ్చయిన క్యు.ఆర్. గుర్తును సెల్‌ఫోనుతో చూచిన వివరములు తెలియును. రవాణా శాఖ వారి ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టినను బీమా ఎంతవరకున్నదో కనబడును. గ్రామములో చదువుకొన్న పిల్లవాడెవడైనను రెండు నిమిషములలో చేయగల పని ఇది.

బీమా లేకుండ తిరిగినచో ఏమగును? మొదటి తప్పునకు 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండును. మరల పట్టుబడిన జరిమానా 4,000. ఈ జరిమానాను చూచియే మనవారు "పదునారు వేలకంటె రెండు వేలే మేలు" అని లెక్క వేయుచుందురు. ఈ లెక్క తప్పు. బండి క్రింద ఒక మనిషి పడినచో ట్రిబ్యునలు నిర్ణయించు పరిహారము లక్షలలో నుండును. బీమా లేనప్పుడు అదంతయు యజమాని నెత్తిన పడును. ఆ సొమ్మును భూమిశిస్తు బకాయి వలె కలెక్టరు ద్వారా వసూలు చేయించు అధికారము చట్టము 174వ సెక్షనులో కలదు. అనగా రెండు లక్షల బండి కొరకు తాతలనాటి రెండెకరములు పోవచ్చును. అవతల, చనిపోయినవాని భార్యాబిడ్డలకు తీర్పు కాగితము తప్ప సొమ్ము చేతికి రాకపోవచ్చును. ఉభయులును మన గ్రామస్థులే కావచ్చును గదా.

ఈ భాగములో న్యాయమైన తగ్గింపు అసలు లేకపోలేదు. కిరాయికి తోలక, కేవలము తన పంటను, తన వ్యాపారపు సరకునే మోయు బండికి రేటు వేరు. అది పైన చెప్పినదానిలో దాదాపు సగము. నిజముగ అట్లు వాడువారు ఆ సంగతి ఏజెంటుకు చెప్పి అడుగవలెను. అయితే ఆ పాలసీ తీసికొని పొరుగువాని ధాన్యమును కిరాయికి మోసినచో షరతు తప్పినట్లే; కంపెనీ అభ్యంతరము చెప్పును. ఇంకొకటి, యజమానియే బండి తోలువాడైనచో అతనికి 15 లక్షల రూపాయల ప్రమాద బీమా తప్పనిసరి. కాని ఒకనికి రెండు బండ్లున్నచో రెంటికిని దానిని కట్టనక్కరలేదు. అంతటి ప్రమాద బీమా వేరుగ ఉన్నవారును కట్టనక్కరలేదు. అడుగక పోవుటచే అనేకులు రెండుమార్లు కట్టుచున్నారు. జీతపు డ్రైవరునకు, క్లీనరునకు తలకు 50 రూపాయల అదనపు ప్రీమియము మాత్రము ఎన్నడును మిగిలించుకొనరాదు.

ఇప్పుడు ఓన్ డ్యామేజి. నిజమైన బేరము ఇచటనే. 2007 జనవరి 1 నుండి ఈ భాగపు రేటును కంపెనీలే నిర్ణయించుకొనుచున్నవి. కనుక ఒకే బండికి ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క ధర చెప్పును. ప్రభుత్వ రంగమున న్యూ ఇండియా, నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అను నాలుగు కంపెనీలున్నవి. ప్రైవేటు కంపెనీలు అనేకము. కనీసము మూడు చోట్ల అడుగక సొమ్ము కట్టరాదు.

కాని బేరమాడుటకు ముందు, ఈ పాత బండికి ఆ భాగము అవసరమా అని ఆలోచింపవలెను. బండి వయస్సు అయిదేండ్లు దాటిన తరువాత దాని విలువను కంపెనీయు, యజమానియు మాటాడుకొని నిర్ణయింతురు. ప్రీమియము తగ్గునని విలువను మరీ తగ్గించి వ్రాయించుకొన్నచో, దొంగతనము జరిగిననాడు వచ్చునదియు అంతే. మరమ్మతు ఖర్చులోనైనను కంపెనీ అంతయు ఇవ్వదు. అయిదు నుండి పదియేండ్ల బండికి ఇనుప భాగముల వెలలో నూటికి 40, పదియేండ్లు దాటినదానికి 50 తరుగు క్రింద తీసివేయుదురు. రబ్బరు, ప్లాస్టిక్ భాగములకు, బ్యాటరీకి ఏ వయస్సునందైనను 50. అద్దమునకు తరుగు లేదు.

ఒక లెక్క చూతము. పన్నెండేండ్ల పికప్పు గుంటలో పడినదనుకొందము. ఇనుప భాగములకు 24,000, ప్లాస్టిక్ భాగములకు 8,000, కూలికి 10,000, వెరసి 42,000 రూపాయలు. ఇందులో కంపెనీ లెక్కలోనికి వచ్చునది 12,000, 4,000, 10,000, అనగా 26,000. దీనిలోనుండి యజమాని భరింపవలసిన నిర్ణీత వాటాను మరల తీసివేయుదురు. ఇంకొక చిక్కు కలదు. సరకు బండ్ల పాలసీలో లైట్లు, మడ్గార్డులు, బానెట్టు, బంపరు, రంగు మొదలగునవి మామూలుగ చేరవు. ఓన్ డ్యామేజి ప్రీమియముపై నూటికి 15 అదనముగ కట్టిననే చేరును. పల్లె రోడ్లపై ముందుగా చితుకునవి ఇవియే!

దీనినిబట్టి మా అభిప్రాయము చెప్పుచున్నాము. చిల్లర దెబ్బల కొరకు పాత బండికి ఈ భాగము తీసికొనుట లాభసాటి కాదు. పెద్ద నష్టమునకు భయమున్నచో తీసికొనవలెను. వరద, తుపాను, అగ్ని, దొంగతనము దీనిలోనివే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు వేలాది బండ్లు నీటిలో నిలిచినవి. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవారికి బండి నిమిత్తము బీమా క్రింద ఒక్క రూపాయి రాదు. ఏటి ఒడ్డున, చెరువు దిగువన, సముద్ర తీరమున ఉన్న గ్రామములవారు ఈ సంగతి ఆలోచింపవలెను. బండి పోయిన మరియొకటి కొనలేనివారును అంతే. థర్డ్ పార్టీకి తోడు అగ్ని, దొంగతనములకు మాత్రము పాలసీ ఇత్తురేమో కంపెనీలను అడిగి చూడవచ్చును. ఖర్చు మధ్యస్థముగ నుండును.

క్లెయిము చేయని సంవత్సరములకు బోనసు వచ్చును. మొదటి ఏటికి నూటికి 20, తరువాత 25, 35, 45, కడకు 50. ఇది ఓన్ డ్యామేజి ప్రీమియములో తగ్గింపు. గడువు తీరిన 90 దినములలో పాలసీని మరల కట్టనిచో ఈ బోనసంతయు పోవును. పంట కోతలు ముగిసి చేతిలో సొమ్ము పడువరకు పాలసీని ఆపుకొనువారు దీనిని గుర్తుంచుకొనవలెను.

ప్రీమియము కట్టినంత మాత్రమున పని తీరదు. షరతులు తప్పినచో కట్టిన సొమ్ము వృథాయే. మిరప కోతలకు కూలీలను, పెండ్లికి చుట్టములను, జాతరకు భక్తులను సరకు బండిలో ఎక్కించుట మన గ్రామములందంతట కలదు. సరకు బండిలో ఊరక ఎక్కిన ప్రయాణీకులకు బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసులో నిర్ణయించినది. సరకు యజమానికి, లేక అతని ప్రతినిధికి మాత్రమే చట్టములో చోటున్నది. ఇరువది మంది కూలీలతో బండి బోల్తాపడినచో, పదునారు వేలు కట్టిన పాలసీ చేతిలోనుండగనే యజమాని దిక్కులేనివాడగును. కూలీల కుటుంబములు అంతకంటె. కోతల కాలమునకు ముందు పంచాయతీ సమావేశములో ఈ ఒక్క విషయము చర్చించి, కూలీలకు ఆటో గాని, బస్సు గాని ఏర్పాటు చేయుడని రైతులతో చెప్పినచో ఎంతో మేలు.

డ్రైవరు లైసెన్సు విషయములో ఒక సందేహము చాలకాలముండెను. మొత్తము బరువు 7,500 కిలోల లోపు ఉన్న సరకు బండిని లైటు మోటారు వాహనపు లైసెన్సుతోనే తోలవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరు 6న తీర్పు చెప్పినది. లైసెన్సే లేనివానికి తాళము ఇచ్చుట వేరు మాట. ఫిట్‌నెస్ పత్రమును కూడ మరువరాదు. ఎనిమిదేండ్లు దాటిన సరకు బండికి ఏటేట పరీక్ష చేయించి పత్రము పొందవలెను.

పాత బండి కొన్నవారు చేయు మరియొక ఆలస్యము ఆర్.సి. మార్పు. కొన్న 14 దినములలో పాలసీని తమ పేరునకు మార్చుటకు కంపెనీకి వ్రాయవలెను. థర్డ్ పార్టీ భాగము చట్టరీత్యా కొన్నవానికి సంక్రమించును. ఓన్ డ్యామేజి భాగము అట్లు సంక్రమింపదు. అమ్మినవారికిని ఇందులో ప్రమాదము కలదు. రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పినది. బండి నాలుగు చేతులు మారినను, కాగితములో పేరున్న మొదటివానికే నోటీసు వచ్చును.

ప్రమాదమైనచో వెంటనే పోలీసులకు, కంపెనీకి తెలుపవలెను; సర్వేయరు చూడకముందు బండిని విప్పించరాదు. కంపెనీ సరిగ స్పందింపనిచో బీమా నియంత్రణ సంస్థ వారి 155255 నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయించవచ్చును. ఓన్ డ్యామేజి క్లెయిమును నిరాకరించినను, ఫిర్యాదు చేసిన నెలలో జవాబు రాకున్నను, ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయమునకు వ్రాసికొనవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెంటికిని ఆ కార్యాలయమే. దీనికి రుసుము లేదు, వకీలుతో పనిలేదు. పాలసీ నకలు, కంపెనీకి వ్రాసిన ఉత్తరము, వారి జవాబు జతచేసి తెలుగులో వ్రాసి పంపినను చాలును.