వేళకి తినండిరా

విశాఖపట్నం

చిన్నా,

వచ్చే శనివారం భీమవరం నుంచి హైదరాబాద్‌కి నీ స్నేహితులు ముగ్గురూ దిగుతున్నారనీ, ఆ రోజంతా తిండికే కేటాయించామనీ రాశావు. సంతోషం. కానీ నువ్వు పంపిన జాబితా చూస్తే గుండె గుభేలుమంది. గచ్చిబౌలిలో మొదలై సికింద్రాబాద్, అక్కణ్నుంచి చార్మినార్, రాత్రికి మళ్లీ జూబ్లీహిల్స్! సగం రోజు ట్రాఫిక్‌లోనే పోతుందిరా. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు. ఆ జాబితా పక్కన పడేసి పాతబస్తీ, మొజంజాహీ మార్కెట్, కోఠీ, ఈ మూడే పెట్టుకోండి. కోఠీ కాలేజీలో చదివినన్నాళ్లూ నేను తిరిగింది ఆ చుట్టుపక్కలే కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

హైదరాబాద్‌లో ఎక్కడ తినాలో అందరూ చెబుతారు. ఎప్పుడు తినాలో మాత్రం ఎవరూ చెప్పరు. అక్కడ ఒక్కో వంటకీ ఒక్కో వేళ ఉంది. ఆ వేళ దాటితే అదే హోటల్లో, అదే పేరుతో దొరికేది వేరే పదార్థం.

నహారీనే తీసుకో. కాలి ఎముకలు, మాంసం, మసాలా మూట వేసి రాత్రంతా సన్నటి సెగ మీద ఉడికిస్తారు. తెల్లవారుజామున గిన్నెలోకి వంచినప్పుడు మూలుగంతా పులుసులోకి దిగి ఉంటుంది, వేలికి జిగురుగా తగులుతుంది. పది గంటలకి వెళితే అడుగున మిగిలిందే దొరుకుతుంది. అందుకని చీకటితోనే లేచి క్యాబ్ ఎక్కండి. నయాపుల్ దగ్గర నయాబ్, మదీనా కూడలి దగ్గర షాదాబ్, రెండూ పేరున్నవే. ఏ మాంసమో అడిగి మరీ తెప్పించుకోండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. దానిలోకి అన్నం, చపాతీ వద్దు, నాలుగు మూలల నాన్ ఉంటుంది, అదే తినాలి. పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్ దుకాణం 1851 నుంచీ ఉంది. ఒక్క అయిదు నిమిషాలు అక్కడ నిలబడి చూడండి. పిండిముద్దని చేత్తో సాగదీసి బట్టీ లోపలి గోడకి ఛట్‌మని అతికిస్తారు. కాసేపటికి పొంగి, మచ్చలు పడి, రెండు ఇనప ఊచల మధ్య పైకొస్తుంది. ఆ వేడికి ఎదురుగా రోజంతా నిలబడే మనుషులు వాళ్లు. ఫోన్ ఎత్తి వీడియో తీసేముందు ఒక్క మాట అడగండి.

మీలో ఒకడికి కార్తీకమాసం నియమం, నీసు ముట్టడని రాశావు కదా. వాణ్ని ఖాళీ కడుపుతో కూర్చోబెట్టి మీరే తినేసి రావడం మర్యాద కాదు. చార్‌కమాన్ దగ్గర గోవింద్ దోసె బండికి నలుగురూ వెళ్లండి. పెనం మీద వెన్న కరిగించి, ఇడ్లీని కారప్పొడిలో దొర్లించి ఇస్తారు. మీరు ముగ్గురూ నహారీ సగం పొట్టకే తిని, మిగతా సగం అక్కడ వాడితో కలిసి తినండి. నలుగురు కలిసి తిరిగేటప్పుడు తినలేని వాడికి తగ్గట్టే రోజుని అమర్చుకోవాలి, తినగలిగిన వాడికి తగ్గట్టు కాదు. ఈ ఒక్కటీ నువ్వు పట్టుబట్టి చెయ్యి.

తర్వాత చాయ్. మక్కా మసీదు పక్కన నిమ్రాలో కప్పు పట్టుకుని నిలబడితే చార్మినార్ ఎదురుగానే ఉంటుంది, 1591 నాటి కట్టడం. ఇరానీ చాయ్‌లో పాలూ డికాషనూ కలిపి మరిగించరు. డికాషన్ మూత బిగించిన గిన్నెలో దమ్ మీద ఒకవైపు, పాలు చిక్కబడేదాకా మరోవైపు, రెండూ కప్పులోనే కలుస్తాయి. అందుకే మనింటి టీలాగా పచ్చివాసన రాదు, వగరు నాలుక మీద కాకుండా గొంతులో తెలుస్తుంది. తియ్యగా, కాస్త ఉప్పగా ఉండే ఉస్మానియా బిస్కెట్ ముంచుకోండి. వెంటనే నోట్లో పెట్టుకోవాలి సుమా, ఆలస్యమైతే సగం కప్పులోనే ఉండిపోతుంది.

ఎండెక్కాక తిండి ఆపండి. ఇది చాలామంది వినరు. బిర్యానీకి అదే వేళ కదా అంటారు నీ వాళ్లు. మధ్యాహ్నం బిర్యానీ తింటే ఆ రోజు అయిపోయినట్టే, సాయంత్రం దాకా కళ్లు తెరుచుకోవు. సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లండి, శుక్రవారం సెలవు గానీ శనివారం తెరిచే ఉంటుంది. చల్లగా తిరగచ్చు, అరుగుతుంది కూడా. నీళ్లు బాగా తాగండి.

నాలుగింటికి మొజంజాహీ మార్కెట్ చేరండి. చివరి నిజాం రెండో కొడుకు మొజంజా పేరు మీద 1935లో కట్టిన రాతి మార్కెట్ అది. ఐస్‌క్రీమ్ కొట్ల ముందు బయట కుర్చీలు వేసి ఉంటాయి. ఫేమస్ వాళ్లది 1951 నాటి కొట్టు. ఇప్పుడు సీతాఫలం రోజులు కాబట్టి ఇంకేమీ అడక్కండి. మామిడిది వేసవిలో తినచ్చు. దగ్గర్లోనే హమీదీలో జౌజీ హల్వా దొరుకుతుంది, మొలకెత్తిన గోధుమలతో చేస్తారు. నలుగురికీ వంద గ్రాములు చాలు, అంత నెయ్యి ఉంటుంది.

హలీమ్ తినాలని ఒకడికి కోరికగా ఉందన్నావు. ఏడాది పొడుగునా అమ్మే చోట్లు ఉన్నాయి, కాదనను. కానీ గోధుమలూ మాంసమూ కలిపి గంటల తరబడి కట్టెల పొయ్యి మీద దంచే ఆ వంటకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే అది రంజాన్ నెల పుణ్యమే. వాణ్ని రంజాన్‌కి మళ్లీ రమ్మను.

చీకటి పడుతుండగా కోఠీలో గోకుల్ చాట్. 2007 ఆగస్టు 25 సాయంత్రం అక్కడ బాంబు పేలింది. అదే సమయంలో లుంబినీ పార్కులోనూ. రెండుచోట్లా కలిపి 40 మందికి పైగా పోయారు, వాళ్లలో మీ వయసు పిల్లలే ఎక్కువ బాధగా గుర్తొస్తారు నాకు. మీలాగే స్నేహితులతో చాట్ తినడానికి వచ్చినవాళ్లు. కొట్టు మళ్లీ తెరిచారు, జనం మళ్లీ వచ్చారు. దహీపూరీ తినేముందు వాళ్లని ఒక్కసారి తలుచుకోండి.

బిర్యానీ రాత్రికి. పచ్చి మాంసం మీద సగం ఉడికిన బియ్యం పరిచి దమ్ చేస్తారు కాబట్టి రుచంతా అడుగునే ఉంటుంది. పైపైన కాకుండా కింది నుంచి తీసి పెట్టమని చెప్పండి. మీ ముగ్గురికీ రెండు ప్లేట్లు మించొద్దు, నియమం ఉన్నవాడికి కూరగాయల బిర్యానీ చెప్పండి. వృథా చేసిన అన్నం చూస్తే నాకు కోపమొస్తుంది, నీకు తెలుసు.

ఇక అసలు మాట. ఆ రాత్రి బీరు ప్రోగ్రాం కూడా ఉందని నువ్వు రాయకపోయినా నాకు తెలుసు. తాగొద్దని చెప్పను. తాగితే మాత్రం బండి తాళం ఎవరి చేతికీ రానీయొద్దు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసే, జైలుకీ పంపుతారు. పోలీసుల కోసం కాదురా, రోడ్డు మీద నడిచే వాళ్ల కోసం. అసలు బండ్లే తీసుకెళ్లకండి. ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే మీ రాయదుర్గం వచ్చేస్తుంది. ఆఖరి రైలు వేళ పొద్దున్నే కనుక్కుని పెట్టుకో, అది దాటితే క్యాబ్.

డబ్బు ఒకడి దగ్గరే ఉంచి చివర్లో పంచుకోండి. ఇల్లు చేరగానే, ఎంత రాత్రయినా సరే, నాకు ఫోన్ చెయ్యి. మెసేజ్ కాదు, ఫోన్.

ఇట్లు,
అక్క