అంటేది ఏది? అంటనిది ఏది?



వార్డులో మమ్మల్ని ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టరమ్మా, ఇది అంటురోగమా?" అవునంటే ఆ రోజు నుండే రోగి కంచం, గ్లాసు వేరవుతాయి. కాదంటే చుట్టాలందరూ మంచం మీదే కూర్చుంటారు. కానీ రోగాలన్నీ ఒకే దారిన రావు.

మలేరియా రోగి పక్కన కూర్చుంటే రాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే డాక్టరు, మలేరియా రోగిని కుట్టిన దోమ పొట్టలో ఆ రోగక్రిమిని చూశాడు. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. డెంగ్యూ కూడా దోమ దారే, అయితే ఆ దోమ పగలు కుడుతుంది, డ్రమ్ముల్లోని మంచినీళ్ళలో పుడుతుంది. కలరా, టైఫాయిడ్ నోటి దారిన వస్తాయి. శివరాత్రి జాతరలో మన మేళ్లచెరువుకు ఎంతమంది వస్తారో మీకు తెలుసు. ఆ రోజుల్లో తాగే నీళ్ళ దగ్గర, చేతులు కడుక్కునే దగ్గర జాగ్రత్త పడాలి. ఇక మన నల్లగొండ ప్రాంతాన్ని ఎన్నో ఏళ్ళు పీడించిన ఫ్లోరోసిస్ నీళ్ళవల్ల వచ్చేదే గాని అంటేది కాదు. కాళ్ళు వంకరపోయిన మనిషిని ముట్టుకుంటే ఏమీ రాదు. అయినా అలాంటివారికి దూరంగా కూర్చున్నవారిని మేము చూశాము.

ఎక్కువగా చెప్పవలసింది క్షయ, అంటే టి.బి. గురించి.

ఒక ఇంటి సంగతి చెబుతాము, పేర్లు అవసరం లేదు. కోడలికి రెండు నెలలుగా దగ్గు. "దుమ్ముకు వచ్చిందిలే" అనుకుని దగ్గు మందు తాగించారు. ఆ రెండు నెలలూ ఆమె కిటికీ మూసిన గదిలో ఇద్దరు పిల్లలను పక్కన వేసుకుని పడుకుంది. పరీక్షలో టి.బి. అని తేలి మందులు మొదలుపెట్టాక ఆమెకు వేరే కంచం ఇచ్చి, నెల తిరగకుండానే పుట్టింటికి పంపారు. అంటే ప్రమాదం ఉన్న రోజుల్లో ఎవరూ భయపడలేదు. ప్రమాదం తగ్గుతున్న రోజుల్లో ఆమెను వెళ్ళగొట్టారు.

టి.బి. కంచం వల్ల, బట్టల వల్ల, చెయ్యి కలిపితే రాదు. ఊపిరితిత్తుల్లో క్షయ ఉన్నవారు దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు సన్నని తుంపరలు వస్తాయి. అవి ఆరిపోయి, క్రిములతో సహా మూసిన గది గాలిలో గంటల తరబడి తేలుతాయి. ఆ గాలి పీల్చినవారికి సోకుతుంది. గాలి, వెలుతురు ఆడే ఇంట్లో ఆ ప్రమాదం చాలా తగ్గుతుంది. మెడ బిళ్ళలకు, ఎముకలకు మాత్రమే వచ్చిన టి.బి. మామూలుగా ఇతరులకు అంటదు.

సరైన మందులు మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది. మేము నర్సింగు నేర్చుకున్న రోజుల్లో క్షయ రోగి గిన్నెలను విడిగా ఉడకబెట్టేవాళ్ళం. అప్పుడు మా భయం కూడా మీ భయం లాంటిదే. ఒకప్పుడు రోగులను ఊరికి దూరంగా శానిటోరియంలలో ఉంచేవారు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం అలాంటిదే, మిషనులు కలిసి నడిపినది. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. కొందరు రోగులను శానిటోరియంలో ఉంచి, కొందరికి ఇరుకైన వారి సొంత ఇళ్ళలోనే మందులిచ్చారు. రెండు చోట్లా దాదాపు ఒకేలా నయమైంది. ఇంట్లో ఉన్నవారి కుటుంబాలకు అదనంగా రోగం అంటలేదు. రోగం సోకినవారికి చాలావరకు మందులకు ముందే సోకి ఉంది. అందుకే ఇంట్లో ఒకరికి టి.బి. అని తేలితే మిగతా అందరూ, ముఖ్యంగా చిన్నపిల్లలు, పరీక్షకు రావాలి. రోగం లేనివారికి రాకుండా ఉండేందుకు కూడా ఇప్పుడు మందులున్నాయి.

క్రిమి సోకిన ప్రతివారికీ జబ్బు రాదు. పదిమందిలో తొమ్మిదిమందిలో అది జీవితాంతం నిద్రపోతూనే ఉంటుంది. షుగరు, హెచ్.ఐ.వి., తిండిలేమి, పొగతాగడం దాన్ని లేపుతాయి. రాళ్ళు తొలిచే, క్రషర్ల దగ్గర పనిచేసే అన్నలు వినాలి. రాతి పొడి ఊపిరితిత్తులను పాడుచేస్తే టి.బి. సులువుగా వస్తుంది. తిండి విషయానికొస్తే, జార్ఖండ్‌లో రోగుల కుటుంబాలకు నెలనెలా అదనపు ఆహారం ఇచ్చి చూశారు. 2023లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆ కుటుంబాల్లో కొత్తగా టి.బి. వచ్చేవారు సుమారు 40 శాతం తగ్గారు. పప్పు, గుడ్డు రోగికే కాదు, ఇంట్లో పిల్లలకూ పెట్టండి. ప్రభుత్వం రోగికి ఇచ్చే పోషకాహార సహాయం 2018లో నెలకు 500 రూపాయలతో మొదలై 2024 నవంబరు నుండి 1000 రూపాయలైంది. దాన్ని వదులుకోవద్దు.

మామూలు టి.బి.కి మందులు ఆరు నెలలు, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. మూత్రం ఎర్రగా వస్తే కంగారు పడవద్దు, అది మందు రంగు. రెండు నెలలకే ఒళ్ళు తేలికపడి చాలామంది మానేస్తారు. అప్పుడు మందుకు లొంగని క్రిములు తయారవుతాయి, ఆపై వైద్యం చాలా కష్టం.

దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్షకు రండి. ఉదయం లేవగానే నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, లోపలి నుండి దగ్గి తీయాలి. ఉత్త ఉమ్ము పనికిరాదు. డబ్బా పట్టుకుని బాత్‌రూమ్‌లో కాదు, ఆరుబయట, మనుషులకు దూరంగా నిలబడి తీయండి. మూత బిగించి తీసుకురండి.