వాకిటి కన్ను

రాజునకు చారులే కన్నులని మన ప్రాచీన రాజనీతిజ్ఞులు భావించారు. 'చారచక్షువు' అన్న మాట అలా పుట్టినదే. నేడు ఆ కన్ను సామాన్య గృహస్థుని గుమ్మం మీదికి వచ్చింది. దానినే మనం వాడుకలో సి.సి. కెమెరా అంటున్నాం. అయితే కన్ను ఉండటం వేరు, పోల్చుకోవడం వేరు.

మా వీధిలో ఒక ఇంట దొంగతనం జరిగింది. ఆ ఇంటి రెండవ అంతస్తు గోడకు కెమెరా ఉంది. దొంగ గేటు తీయడం, లోపలికి రావడం, సంచితో వెళ్లిపోవడం అన్నీ అందులో నమోదయ్యాయి. కాని కనిపించింది అతని నడినెత్తి. ముఖం ఉండవలసిన చోట ఒక మసక మచ్చ. ఆ ఇంటి వృద్ధురాలు ఆ దృశ్యాన్ని పదేపదే వేయించుకొని చూసింది. పోయినవి ఆమె పెండ్లినాటి గాజులు.

ఈ లోపం కెమెరా ఖరీదులో లేదు. ఎవరో వచ్చారని తెలిస్తే చాలునా, వచ్చినది ఎవరో తెలియాలా అన్న ప్రశ్న కొనేనాడు ఎవరూ వేసుకోలేదు. అపరిచితుని ముఖం గుర్తించాలంటే దృశ్యపు వెడల్పులో మీటరుకు 250 పిక్సెళ్లు ఉండాలని 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణం సూచించింది. మనిషి ఉనికి తెలియడానికి 25 చాలు. రెండు మెగాపిక్సెళ్ల కెమెరా చిత్రానికి అడ్డంగా 1920 పిక్సెళ్లుంటాయి. 1920ని 250తో భాగిస్తే ఏడున్నర మీటర్లకు కాస్త ఎక్కువ. దృశ్యం అంతకు మించి విస్తరిస్తే ముఖాలను నమ్మలేం. 2.8 మిల్లీమీటర్ల లెన్సు ముందు, మూడు మీటర్లు దాటగానే ఆ హద్దు వచ్చేస్తుంది. 6 మిల్లీమీటర్ల లెన్సు సుమారు ఎనిమిది మీటర్ల దాకా ముఖాన్ని పట్టి ఇస్తుంది. "వీధంతా కనబడుతుందండీ" అని అంగడివారు మురిపిస్తారు. వీధంతా చూసే కన్ను ఎవరినీ పోల్చుకోదు! ఎత్తు కూడా చేతికి అందనంత ఉంటే చాలు.

ఆరుబయట ఉండేది కనుక దుమ్ముకు, వానకు తట్టుకొనే ఐ.పి. 66 గుర్తు చూసుకోవాలి. రాత్రివేళ పరారుణ దీపాల వెలుగు పక్కనున్న తెల్లగోడ మీదనో, లెన్సు ఎదుటి సాలెగూటి మీదనో పడి వెనుకకు కొడితే చిత్రం తెల్లబోతుంది. నాలుగు కెమెరాలు సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రేయింబవళ్లు నమోదు చేస్తే ఒక టెరాబైటు డిస్కు 11 రోజులకే నిండి, పాత దృశ్యాలు చెరిగిపోతాయి. పక్షం రోజులు ఊరికి వెళ్లేవారికి అది చాలదు. కరెంటు పోయినప్పటి సంగతి చెప్పనక్కరలేదు, ఇన్వర్టరు ఉండాలి.

అంతర్జాలానికి కలిపిన కెమెరాతో మరొక ముప్పు. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము, తయారీదారులు పెట్టిన పాస్‌వర్డు మార్చని కెమెరాలను, ఇతర పరికరాలను లక్షల సంఖ్యలో వశపరచుకొంది. కంచే చేను మేసింది. అందుచేత బిగించిన రోజునే పాస్‌వర్డు మార్చాలి. ఇటువంటి కెమెరాలకు భద్రతా పరీక్షలు 2025 ఏప్రిల్ నుండి మన దేశంలో తప్పనిసరి అయ్యాయి.

మన వాకిటి కన్ను ఎదురింటి కిటికీలోకి తొంగిచూడరాదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ప్రకటించింది. దృశ్యంలో కొంత భాగాన్ని నల్లగా కప్పే సదుపాయం చాలా కెమెరాలలో ఉంది, అడిగేవారే తక్కువ.

ఆ వృద్ధురాలి ఇంట ఇప్పుడు కెమెరా గేటు పక్కకు దిగింది. ఎదురింటివారి వాకిలి పడే మూలను నల్లపట్టీతో కప్పించినది ఆమే. గాజులు మాత్రం తిరిగి రాలేదు.