వీధి తీరు – నడక అలవాటు

నడవనివారిని సోమరులనడం లోకంలో పరిపాటి. ఈ నింద అన్నివేళలా న్యాయమైనది కాదు. ఇంటికి, అంగడికి, బడికి నడుమ గల దూరమే చాలావరకు మన నడకను నిర్ణయిస్తుంది.

హైదరాబాదు పాతబస్తీని పరిశీలించండి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినారు నుండి నాలుగు దిక్కులకు నాలుగు వీధులు సాగుతాయి. పడమట లాడ్ బజారులో గాజుల దుకాణాలు, ఉత్తరాన గుల్జార్ హౌజ్ దాటితే పత్తర్‌గట్టీలో ముత్యాల, వస్త్రాల అంగళ్ళు ఉన్నాయి. వాటి వెనుక గల్లీలలో ఇళ్ళు, బడులు, ప్రార్థనామందిరాలు, టీ హోటళ్ళు అల్లుకొని ఉంటాయి. పాలకోసం బయలుదేరిన గృహిణి ఆ దారిలోనే కూరలు కొని, దర్జీ వద్ద రవికె తీసుకొని, తెలిసినవారితో నాలుగు మాటలాడి ఇల్లు చేరుతుంది. వ్యాయామం చేశానని ఆమె అనుకోదు. అయినా అది జరిగిపోతుంది.

నివాసాలను, వ్యాపారాలను వేరుచేయాలన్న ఆలోచన వెనుక సదుద్దేశం లేకపోలేదు. కర్మాగారాల పొగ, రొద ఇళ్ళను బాధించరాదన్నదే అది. 1926లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానం యూక్లిడ్ అనే గ్రామానికి సంబంధించిన తీర్పులో ఇట్టి విభజనను సమర్థించింది. అయితే పొగగొట్టాన్ని దూరంచేసిన నిబంధనే క్రమంగా కిరాణా కొట్టునూ దూరం చేసింది. 1961లో వెలువడిన తన గ్రంథంలో జేన్ జేకబ్స్ ఈ పద్ధతిని తీవ్రంగా విమర్శించింది. ఇళ్ళు, అంగళ్ళు, కార్యాలయాలు కలగలిసిన వీధిలో రోజంతా జనసంచారం ఉంటుందని, వీధిని గమనించే కళ్ళే దానికి రక్షణ అని ఆమె వాదించింది. చీకటిపడ్డాక ఒంటరిగా ఇల్లు చేరవలసిన విద్యార్థినికి ఈ మాట విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక హైదరాబాదు పడమటి దిక్కుకు వేగంగా విస్తరించింది. అక్కడ చాలాచోట్ల కార్యాలయాలు ఒక ప్రాంగణంలో, నివాసాలు మరొక ప్రహరీలో ఉన్నాయి. గోడకు అవతలనే ఉన్న దుకాణానికైనా ప్రధాన ద్వారం మీదుగా చుట్టి వెళ్ళాలి. తీరా బయటికి వస్తే కాలిబాట ఉండదు. ఉన్నా దానిపై మోటారు సైకిళ్ళు నిలిపి ఉంటాయి. అందుచేత అగ్గిపెట్టెకు కూడా వాహనమెక్కేవారే సాయంత్రం ఆవరణలోని బాటపై గుండ్రంగా తిరుగుతారు. తీరిక లేనినాడు ఆ నడక ఆగిపోతుంది. పనితో ముడిపడిన నడక అంత సులభంగా ఆగదు.

ఇంతమాత్రాన పాతబస్తీయే ఆదర్శమని కాదు. అక్కడి రద్దీలో వృద్ధులు వీధి దాటడం సాహసమే. వాహనాల కంటె మనుషుల రాకపోకలకే ప్రాధాన్యమివ్వాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం పేర్కొంది. కాని కొత్త లేఅవుట్లకు అనుమతి ఇచ్చేటప్పుడు రోడ్ల వెడల్పు, పార్కు స్థలం లెక్క చూసినంత శ్రద్ధగా, చివరి ఇంటి నుండి కూరగాయల దుకాణానికి ఎన్ని అడుగులు వేయాలో చూడడం అరుదు.