పాఠం 9: సీసా మూత తీసిన తరువాత

ఈ పాఠం చదివిన తరువాత, మీ వంటింట్లో ఏ సీసాను అలమరలో ఉంచవచ్చో, దేనిని ఫ్రిజ్‌లో పెట్టాలో కారణంతో సహా చెప్పగలుగుతారు.

9.1 ఆవకాయ ఎలా నిలుస్తుంది?

వేసవిలో పెట్టిన ఆవకాయను మళ్ళీ వేసవి దాకా తింటాం. కరెంటు లేని రోజుల్లోనూ ఆ జాడీ అటకమీదే ఉండేది. ఎందుకు పాడవలేదు?

ఆహారాన్ని పాడుచేసేవి సూక్ష్మజీవులు. వాటికి తేమ కావాలి. ఉప్పు మామిడి ముక్కల్లోని నీటిని లాగి, ఆ నీరు వాటికి అందకుండా చేస్తుంది. మామిడికాయ పులుపు ఆమ్లం. అందులో చాలా రకాల బాక్టీరియా పెరగదు. పైకి తేలిన నూనె గాలిని ఆపి, బూజు పట్టకుండా చూస్తుంది. తడి గరిటె పెట్టవద్దని పెద్దలు కసురుకోవడం ఉత్త చాదస్తం కాదన్నమాట. గరిటెతో వచ్చిన నీరు పైభాగంలో ఉప్పును పలచన చేస్తుంది, బూజు అక్కడే మొదలవుతుంది.

ఈమధ్య రక్తపోటుకు భయపడి కొందరు సగం ఉప్పుతోనే ఊరగాయ పెడుతున్నారు. అలాంటిదాన్ని ఫ్రిజ్‌లోనే ఉంచాలి. ఉప్పు సరిగా వేసి, తక్కువ తినడం మేలని మా అభిప్రాయం.

9.2 బజారులో కొన్న సీసాలు

తేనెకు ఫ్రిజ్ అక్కరలేదు, పెడితే గడ్డకడుతుంది. సోయా సాస్‌లో ఉప్పు ఎక్కువ కనుక బయట ఉన్నా త్వరగా చెడదు, రుచి మాత్రం తగ్గుతుంది. టమాటా సాస్‌లో పులుపు, చక్కెర, వెనిగర్ ఉంటాయి. హోటలు బల్లమీద అది రోజూ ఖాళీ అవుతుంది. మీ ఇంట్లో ఒక సీసా నెలల తరబడి ఉంటే ఫ్రిజ్‌లో పెట్టండి. పచ్చి గుడ్డుతో ఇంట్లో చేసిన మయోనైజ్‌ను బయట ఉంచనే కూడదు. కొబ్బరి పచ్చడి సంగతి మీకు తెలిసిందే, పొద్దున చేసినది సాయంత్రానికి పులుస్తుంది.

9.3 నూనెలో వెల్లుల్లి

ఇది జాగ్రత్తగా చదవండి. 1985లో కెనడాలోని వాంకూవర్ నగరంలో ఒక రెస్టారెంటులో తిన్న 36 మందికి బొటులిజం అనే జబ్బు వచ్చింది. కారణం, నూనెలో వేసిన వెల్లుల్లి తరుగు సీసా. ఫ్రిజ్‌లో ఉంచవలసిన దానిని బయట ఉంచారు.

ఈ బాక్టీరియా మట్టిలో ఉంటుంది, వెల్లుల్లితోపాటు వస్తుంది. దీనికి గాలి గిట్టదు. కాబట్టి బూజును ఆపిన నూనే దీనికి ఆశ్రయమవుతుంది. విషం తయారైనా వాసన, రుచి మారకపోవచ్చు. చూపు రెండుగా కనిపించడం, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం దీని లక్షణాలు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

మరి ఆవకాయలోనూ నూనె, వెల్లుల్లి ఉన్నాయి కదా అని మీరు అడగవచ్చు. అక్కడ ఉప్పూ పులుపూ కాపలా ఉన్నాయి. ఇంట్లో నూరి నూనె కలిపిన అల్లం వెల్లుల్లి ముద్దలో పులుపు లేదు. అందుచేత కొంచెం కొంచెంగా నూరుకుని, ఫ్రిజ్‌లో పెట్టి, 3, 4 రోజుల్లో వాడేయండి. ఫ్రిజ్ లేకపోతే ఏ పూటకాపూట నూరుకోండి. ఫ్రిజ్ సూక్ష్మజీవులను చంపదు, వాటి పెరుగుదలను నెమ్మది చేస్తుంది, అంతే.

పాఠగత ప్రశ్నలు

1. ఉప్పు తగ్గించి పెట్టిన నిమ్మకాయ ఊరగాయను ఎక్కడ ఉంచుతారు? ఎందుకు?
2. నూనె ఆవకాయకు రక్షణ అయింది. వెల్లుల్లి ముద్దకు ఎందుకు కాలేదు?
3. మీ ఇంట్లో మూత తీసి ఉన్న మూడు సీసాల మీది సూచనలు చదివి, నోటుపుస్తకంలో రాయండి.