కిళినొచ్చి వెళ్తున్న బుజ్జికి



ఉత్తర శ్రీలంకలోని కిళినొచ్చి ఆస్పత్రిలో కౌన్సెలింగు పనికి ఒప్పుకున్నావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. ఓమందై నుంచి జాఫ్నా వైపు రైలు పట్టాలు మళ్లీ వేసిన రోజుల్లో నేనూ అక్కడ పనిచేశాను కదా, అందుకే ఈ నాలుగు ముక్కలు.

శ్రీలంకలో అంతర్యుద్ధం 2009 మేలో ముగిసింది. అక్కడివాళ్లతో మాత్రం ఆ మాట అనకు. "ఇంకా భయమెందుకమ్మా" అని అసలే అనకు. మందుపాతరలు తీసేశామని కాగితం చేతికిచ్చినా, కట్టెలకు వెళ్లే మనిషి నలుగురూ నడిచిన బాట దిగదు. మేం పట్టాలకు మట్టి తవ్వాలన్నా ముందు ఆ పాతరలు తీసేవాళ్లు అంగుళం అంగుళం గోకి చూడాల్సిందే. ఆ జాగ్రత్తే వాళ్లను బతికించింది. దాన్ని జబ్బుగా రాసెయ్యడానికి తొందరపడకు.

మనుషుల వల్ల కలిగే భయం ఇంకా మొండిది. తెలియని మోటారుసైకిలు వాకిట్లో ఆగితే ఇంట్లో మాట సగంలో ఆగిపోతుంది. మనుషుల్ని ఎత్తుకుపోయిన తెల్ల వ్యాన్లను అక్కడెవరూ మర్చిపోలేదు. అందుకని మొదటిరోజే నోటుబుక్కు తీసి పేర్లు రాసుకోకు. మీ ఇంట్లో ఎవరెవరు పోయారని అడగకు. కనిపించకుండా పోయిన పిల్లల ఫొటోలు పట్టుకుని కిళినొచ్చి కందస్వామి గుడి దగ్గర తల్లులు 2017 ఫిబ్రవరిలో నిరసనకు కూర్చున్నారు. కొందరైతే కొడుకుల్ని తమ చేతులతోనే సైన్యానికి అప్పగించినవాళ్లు. అలాంటి తల్లి ముందు "మీ అబ్బాయి ఎలా ఉండేవాడు" అని నీ నోట రాకూడదు.

ఫలానా వేళకు వస్తానంటే ఆ వేళకు వెళ్లు. కుదరకపోతే ముందురోజే కబురు పెట్టు. ఎవరైనా ఇంటికి రావడం ఆలస్యమైతే అక్కడ ఆలోచనలు ఎక్కడికో పోతాయి.

మన దేశం అక్కడ రైలు మార్గం మళ్లీ వేసింది, 46 వేల దాకా ఇళ్లకు డబ్బిచ్చింది. నిజమే. 1987 అక్టోబరులో, దీపావళి నాడు, జాఫ్నా ఆస్పత్రిలో జొరబడి డాక్టర్లనూ నర్సులనూ రోగులనూ కాల్చింది కూడా అక్కడికి వెళ్లిన మన దేశపు శాంతిసేనే. నువ్వు పనిచేయబోయేదీ ఆస్పత్రే. ఏ ముసలాయనో "ఇండియానా?" అని అడిగి ముఖం తిప్పుకుంటే మన తరఫున వాదించకు. అవునని చెప్పి, పక్కన కూర్చో.

వెళ్లేలోపే తమిళం మొదలుపెట్టు. మధ్యలో దుబాసీ ఉంటే, అందులోనూ ఆ ఊరివాడే అయితే, అసలు మాట బయటికి రాదు.

ఆశీస్సులతో,
పెదనాన్న