రిటైరైన ఉద్యోగుల వైద్య క్లెయిములు: దామరచర్ల పెన్షనర్లు తరచూ అడిగే ప్రశ్నలు

ఇక్కడ “పెన్షనర్” అంటే ప్రభుత్వ సర్వీసులో రిటైరైనవారు, కుటుంబ పెన్షన్ పొందేవారు. “పాలసీ” అంటే ప్రీమియంపై బీమా సంస్థ ఇచ్చిన ఆరోగ్య బీమా. “రీయింబర్స్‌మెంట్” అంటే పెన్షనర్ ముందుగా భరించి, తర్వాత ప్రభుత్వం నుంచి పొందే చికిత్స ఖర్చు.

1. నా ఫిర్యాదు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్‌కు ఉద్యోగుల ఆరోగ్య పథకం (ఈహెచ్‌ఎస్) కింద నగదు రహిత చికిత్స, 1972 నాటి సమగ్ర వైద్య సహాయ నిబంధనల కింద రీయింబర్స్‌మెంట్ ఉన్నాయి. ఈ రెండూ పాలసీలు కావు; బీమా అంబుడ్స్‌మన్ వీటిని విచారించరు. సొంతంగా పాలసీ కొన్నవారు, గ్రూపు పాలసీలో ఉన్న బ్యాంకు రిటైరీలు మాత్రం ఆయనను ఆశ్రయించవచ్చు. విద్యుత్ సంస్థల్లో రిటైరైనవారు తమ సంస్థ వైద్య నిబంధనలను ముందు చూసుకోవాలి. మనది యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్న మండలం కాబట్టి ఈ తేడా ప్రత్యేకంగా చెబుతున్నాను.

2. రీయింబర్స్‌మెంట్‌కు గడువెంత?

డిశ్చార్జ్ తేదీ నుంచి ఆరు నెలలు. దరఖాస్తును చివరిగా పనిచేసిన కార్యాలయంలో ఇవ్వాలి. డిశ్చార్జ్ సమ్మరీ, అసలు బిల్లులు, ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ (ఆ చికిత్స అవసరమైందని వైద్యుడిచ్చే ధ్రువపత్రం), అత్యవసరంగా చేరి ఉంటే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ జతచేయాలి. అన్నింటికీ జిరాక్స్ తీసి ఉంచుకోండి. తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోకుండా కార్యాలయం నుంచి రావద్దు. రేపు గడువుపై వివాదం వస్తే మీకున్న సాక్ష్యం అదొక్కటే. అదే చికిత్సకు పాలసీ కింద కొంత సొమ్ము వచ్చి ఉంటే దరఖాస్తులోనే రాయండి.

3. ప్రభుత్వం గుర్తించిన జాబితాలో లేని ఆసుపత్రిలో చేరాను. క్లెయిమ్ పోయినట్టేనా?

కాదు. శివకాంత్ ఝా కేసులో 2018లో సుప్రీంకోర్టు, ఆసుపత్రి జాబితాలో లేదన్న ఒక్క కారణంతో నిరాకరించరాదని, చికిత్స నిజంగా జరిగిందా, దానికి రికార్డులున్నాయా అన్నదే చూడాలని చెప్పింది. అయితే ఆయన కేంద్ర ప్రభుత్వ పెన్షనర్. రాష్ట్ర పెన్షనర్ ఆ తీర్పును ఆధారంగా చూపవచ్చు గాని, బిల్లు మొత్తం వస్తుందని అనుకోకూడదు.

4. పాలసీ క్లెయిమ్ తిరస్కరించారు. ఇప్పుడేం చేయాలి?

కారణాలను రాతపూర్వకంగా అడగండి. తర్వాత బీమా సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి. తిరస్కరించినా, నెలలోపు జవాబు రాకున్నా, అప్పటి నుంచి ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు. పరిహారం పరిమితి 50 లక్షల రూపాయలు. అంబుడ్స్‌మన్ ఇచ్చే అవార్డుకు (తీర్పుకు) బీమా సంస్థ కట్టుబడాలి. అదే వివాదం వినియోగదారుల కమిషన్‌లో గాని, కోర్టులో గాని ఉంటే అంబుడ్స్‌మన్ స్వీకరించరు.

“షుగర్ ఉందని ముందే చెప్పలేదు” అన్న కారణంతో తిరస్కరిస్తే పాలసీ వయసు చూడండి. ఎడతెగకుండా 60 నెలలు నడిచిన పాలసీపై ఆ అభ్యంతరం చెల్లదు. మోసం రుజువైతే తప్ప.

5. స్వచ్ఛంద న్యాయవాది నా తరఫున వాదిస్తారా?

అంబుడ్స్‌మన్ ముందు వాదించలేరు. ఫిర్యాదు పెన్షనర్ గాని, వారసులు, నామినీ గాని ఇవ్వాలి. న్యాయవాది దాన్ని రాసిపెట్టవచ్చు. నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వకాలత్‌తో వాదించవచ్చు. అక్కడ గడువు రెండేళ్లు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది.

ఉచిత న్యాయ సహాయానికి మిర్యాలగూడ కోర్టులోని న్యాయ సేవా విభాగంలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులకు ఆదాయ పరిమితి లేదు. భర్త పోయాక కుటుంబ పెన్షన్‌తో బతికే తల్లులకు ఈ హక్కు ఉందని చాలా ఇళ్లలో తెలియదు, దయచేసి చెప్పండి. ఎవరు సాయం చేస్తామన్నా ఖాళీ కాగితంపై సంతకం పెట్టవద్దు.

6. రీయింబర్స్‌మెంట్ దరఖాస్తుకు కార్యాలయం జవాబే ఇవ్వకపోతే?

సమాచార హక్కు చట్టం కింద ఫైలు స్థితి అడగండి. 30 రోజుల్లో సమాధానం రావాలి. రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. ఈ దరఖాస్తు వల్ల రెండో ప్రశ్నలో చెప్పిన ఆరు నెలల గడువు ఆగదు. తుది తిరస్కరణ వస్తే తెలంగాణ హైకోర్టులో రిట్ వేయవచ్చు. రిట్‌కు నిర్ణీత గడువు లేకపోయినా కోర్టు జాప్యానికి కారణం అడుగుతుంది. తిరస్కరణ ఉత్తర్వు అందిన వెంటనే న్యాయవాదికి చూపించండి.